వెళ్లేవాళ్లు, వెళ్లడం మానేసినవాళ్లు

కొండల్లో పుట్టి పెరిగిన మనకు సముద్రం అడుగు సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా రచయితల మధ్య కూడా ఈ ప్రశ్న వచ్చింది. మా జవాబు ఇది. సొంత ఊరి తగవులో మనం ఎప్పుడూ ఏదో ఒక పక్షాన ఉంటాం. పక్క ఊరి తగవు విన్నప్పుడు న్యాయం ఎటుందో కాస్త నెమ్మదిగా ఆలోచించగలం. అడవిని కాపాడటం పేరుతో మన దగ్గర నడుస్తున్న తగవు మనకు తెలిసిందే. టికెట్టు కొన్నవాడు జీపులో లోపలికి పోతాడు. తాత ముత్తాతల నుంచి అదే దారిలో నడిచినవాడిని చెక్‌పోస్టు దగ్గర ఆపి గంప దింపమంటారు. ఇలాంటి తగవే చాలా దూరాన, ఒక సముద్రం మధ్యలో ఎలా నడిచిందో చూద్దాం. చూసిన తర్వాత మన దగ్గరకు తిరిగి వద్దాం.

ఫిలిప్పీన్స్ దేశంలో పలావాన్ అనే పొడవాటి దీవి ఉంది. దాని ముఖ్యపట్టణం ప్యూర్టో ప్రిన్సెసా. అక్కడి నుంచి ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్లు సులు సముద్రంలోకి పోతే తుబ్బతాహ అనే పగడపు దిబ్బలు వస్తాయి. ఉంగరాల్లాంటి పెద్ద దిబ్బలు రెండు, వాటికి ఉత్తరాన చిన్న దిబ్బ ఒకటి. నీటి పైన కనిపించేది చాలా తక్కువ. రెండు మూడు ఇసుక తిప్పలు, వాటి మీద గుడ్లు పెట్టే సముద్ర పక్షులు, అంతే. ఉన్నదంతా నీటి కిందే. దిబ్బ అంచు దాటగానే గోడ కట్టినట్టు 100 మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఆ గోడ నిండా పగడాలు. 350కి పైగా పగడపు జాతులు అక్కడ ఉన్నాయి. సొరచేపలు, తాబేళ్లు, రెక్కలు చాచి ఎగిరినట్టు ఈదే పెద్ద టేకు చేపలు అక్కడ తిరుగుతుంటాయి.

పగడం అంటే మెడలో వేసుకునే ఎర్రపూస ఒక్కటే అనుకోవద్దు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రవాళ భిత్తికలు అని చదివేది దీన్నే. గోరంత జీవులు లక్షలుగా కలిసి బతుకుతూ, తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. పాతవి చచ్చిపోతాయి, వాటి గూళ్ల మీద కొత్తవి కడతాయి. గుండ్రటి బండలాగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనిషి ఎత్తు పగడపు బండ కనిపించిందంటే, మన ముత్తాత పుట్టక ముందే అది మొదలైందని అర్థం. కొమ్మల్లా ఉండే పగడమైతే కాలు తగిలితే ఒక్క క్షణంలో విరుగుతుంది. మన దగ్గర పాత ఇప్పచెట్టును నరికితే ఎంత నష్టమో, అంత.

ఇప్పుడు ఒక మనిషి అక్కడికి పోయి నీటిలో మునిగి ఇదంతా చూడాలనుకున్నాడు. అతను ఎలా ఏర్పాటు చేసుకుంటాడో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా ప్రశ్న ఆ ఏర్పాటులోనే ఉంది.

ముందు కాలం చూసుకోవాలి. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకే పడవలు పోతాయి. మిగతా నెలల్లో ఒకసారి ఈశాన్య గాలి, ఒకసారి నైరుతి గాలి సముద్రాన్ని కలియబెడతాయి. వాళ్ల భాషలో ఆ గాలుల పేర్లు అమిహాన్, హబగాత్. మూడు నెలలే కాబట్టి పడవలో చోటు చాలా ముందుగా, ఒక్కోసారి ఏడాది ముందే, మాట్లాడుకోవాలి. అక్కడ హోటలు లేదు, ఊరు లేదు. తినడం, పడుకోవడం అన్నీ పడవలోనే. సాయంత్రం ప్యూర్టో ప్రిన్సెసాలో బయలుదేరితే రాత్రంతా ప్రయాణం, తెల్లారేసరికి దిబ్బల దగ్గరికి చేరతారు. నాలుగైదు రోజులో వారమో ఉండి, రోజుకు మూడు నాలుగు సార్లు నీటిలో దిగుతారు. ప్రవాహాలు బలంగా ఉంటాయి కాబట్టి కొత్తగా నేర్చుకున్నవాళ్లకు అది తగిన చోటు కాదు. ఏదైనా జరిగితే ఆస్పత్రి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంటుంది. వరసగా చాలాసార్లు మునిగినవాళ్లు తిరిగి విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ వైద్యులు చెబుతారు. లేకపోతే రక్తంలో కరిగిన గాలి బుడగలై ప్రాణం మీదకు వస్తుంది. వీటన్నిటికీ తోడు పార్కు పర్మిట్టు, రక్షణ రుసుము. విమానం టికెట్లతో కలిపితే లక్షల రూపాయల మాట.

కాలం, డబ్బు, పర్మిట్టు, నైపుణ్యం. ఈ నాలుగూ సమకూరితే ఏర్పాటు పూర్తయిందని అందరూ అనుకుంటారు. ఐదోది ఒకటి మిగిలిపోయిందని మేము అంటున్నాం. ఆ చోటుకు వెళ్లడం ఎవరు మానేశారో తెలుసుకోవడం ఆ ఐదోది.

తుబ్బతాహ అనే పేరు సముద్రం మీదే బతికిన సమాల్ జనం మాట. ఆటు వచ్చినప్పుడు బయటపడే పొడవాటి దిబ్బ అని దాని అర్థం. మ్యాపు గీసినవాళ్లు రాకముందే, ఆటుపోట్లు చూసి పేరు పెట్టినవాళ్లు అక్కడ ఉన్నారన్నమాట. ఆ దిబ్బలు పరిపాలన రీత్యా కగయాన్సిల్లో అనే చిన్న దీవుల మున్సిపాలిటీకి చెందుతాయి. ఆ దీవుల జనం తుబ్బతాహను గుసోంగ్ అని పిలిచేవారు. వేసవిలో గాలులు నెమ్మదించగానే పాంగ్కో అనే చెక్క తెరచాప పడవలు కట్టుకుని గుంపులు గుంపులుగా గుసోంగ్‌కు పోయి చేపలు పట్టి తెచ్చుకునేవారు. తెరచాపకు గాలి ఎంత దయ చూపితే అంత పట్టు. మిగతా నెలలు సముద్రమే దిబ్బలకు కాపలా కాసేది.

తర్వాత మోటారు పడవలు వచ్చాయి. 1980లలో ఇతర ప్రాంతాల వాళ్లు కూడా దిబ్బల దాకా రాగలిగారు. వాళ్లలో కొందరు డైనమైట్ పేల్చారు, కొందరు సైనైడ్ చల్లారు. పేలుడుతో చేప ఒక్కటే చావదు, అది ఉండే ఇల్లే కూలిపోతుంది. నష్టం కళ్లముందు కనబడింది. 1988 ఆగస్టు 11న ప్రభుత్వం తుబ్బతాహను జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించింది. 1993లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తర్వాత హద్దులు పెరిగి ఇప్పుడు సుమారు 97 వేల హెక్టార్లు అయింది. లోపల చేపలు పట్టకూడదు, గవ్వ కూడా ఏరకూడదు. ఈ నియమం డైనమైట్ పేల్చినవాడికీ వర్తించింది, తెరచాప పడవలో వచ్చినవాడికీ వర్తించింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఇప్పుడు డైవర్ల పడవలు పోయేది గాలులు నెమ్మదించిన ఆ నెలల్లోనే. అంటే పాంగ్కోలు పోయిన కాలంలోనే. అదే సముద్రం, అదే దిబ్బ, అదే కాలం. ఒకడు పోతే అతిథి, ఇంకొకడు పోతే దొంగ. ఈ తేడా న్యాయమైనదేనా? న్యాయమైతే దేని వల్ల?

సాధారణంగా మూడు జవాబులు చెబుతారు. ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

మొదటిది: చేపలు పట్టేవాడు తీసుకుపోతాడు, డైవరు చూసి వస్తాడు. చూడటం వల్ల ఏదీ తగ్గదు.

ఇందులో కొంత నిజం ఉంది. దాన్ని తోసేయకూడదు. కానీ చూపు కూడా ఖర్చుతో కూడుకున్నదే. అనుభవం లేని డైవరు కాలి రెక్క ఒక్కసారి ఊపితే పగడం కొమ్మ విరుగుతుంది. లంగరు వేస్తే దిబ్బ పగులుతుంది, అందుకే అక్కడ పడవలను లంగరు వేయకుండా తేలే బోయాలకు కడతారు. పడవకు డీజిల్ కావాలి. వేల కిలోమీటర్లు విమానం రావాలి. ఆ పొగ వల్ల భూమి వేడెక్కుతోంది, వేడి పెరిగితే పగడాలు తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబారి చచ్చిపోతాయి. 1998లో, 2016లో ప్రపంచమంతటా ఇది జరిగింది. పగడాన్ని చూడాలని వచ్చే ప్రయాణమే దూరం నుంచి దాన్ని కొద్దిగా కాలుస్తోంది. ఇక తీసుకునేవాళ్లందరూ నాశనం చేసేవాళ్లూ కారు. నల్లమలలో చెంచులు కొండతేనె ఎలా తీస్తారో మనకు తెలుసు. పైన బావమరిది తాడు పట్టుకుంటాడు, కింద వేలాడేవాడు పట్టులో కొంత వదిలి మిగతాది కోస్తాడు. వచ్చే ఏడాది కూడా రావాలన్న లెక్క ఆ చేతిలో ఉంటుంది. కాబట్టి తీసుకోవడం, చూడటం అనే రెండు మాటలతో ఈ తగవు తేలదు. ఎంత, ఎలా, ఎన్నిసార్లు అని అడగాలి.

అలా అడిగినప్పుడు కూడా నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. తెరచాప కాలం పోయింది. అందరికీ మోటారు ఉన్న కాలంలో, ఒక్క ఊరి వాళ్లను లోపలికి రానిచ్చి మిగతావాళ్లను ఆపడం సముద్రం మధ్యలో సులభం కాదు. అందరినీ ఆపకపోతే దిబ్బ మిగిలేది కాదేమో. నిషేధం అనవసరమని మేము అనడం లేదు. నిషేధం బరువు ఎవరి భుజం మీద పడిందో అడుగుతున్నాం.

రెండో జవాబు: డైవరు డబ్బు కడతాడు. ఆ డబ్బుతోనే కాపలా నడుస్తుంది.

ఇదీ నిజమే. తుబ్బతాహ ఉత్తర దిబ్బ దగ్గర ఇసుక తిప్ప మీద రేంజర్ల ఠాణా ఉంది. నౌకాదళం, తీర రక్షణ దళం, పార్కు కార్యాలయం, కగయాన్సిల్లో మున్సిపాలిటీ, వీటి మనుషులు కొద్దిమంది నెలల తరబడి అక్కడే ఉంటారు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట, తుఫాను కాలంలో కూడా. వాళ్లు లేకపోతే పర్మిట్టు కాగితానికి విలువ లేదు. రుసుము దానికి ఉపయోగపడుతోంది. అయితే డబ్బు ఇవ్వడమూ, బతుకు వదులుకోవడమూ ఒకటి కాదు. ఒకడు మిగులులోంచి ఇస్తాడు. ఇంకొకడు పొయ్యి మీదకు వచ్చేదాన్ని వదులుకుంటాడు. రసీదు మాత్రం మొదటివాడికే ఇస్తారు. రెండోవాడు ఇచ్చినదానికి రసీదు ఎక్కడా లేదు.

డబ్బున్నవాళ్లే పగడాన్ని కాపాడతారు, లేనివాళ్లే పాడుచేస్తారు అన్న నమ్మకం కూడా తప్పే. 2013 జనవరి 17న అమెరికా నౌకాదళం వారి గార్డియన్ అనే ఓడ తుబ్బతాహ దక్షిణ దిబ్బ మీదకు ఎక్కేసింది. ప్రపంచంలోకెల్లా బలమైన నౌకాదళం, అన్ని పరికరాలూ ఉన్న ఓడ. దాని ఎలక్ట్రానిక్ మ్యాపులో దిబ్బ ఉన్న చోటు తప్పుగా ఉంది. ఓడను లాగితే ఇంకా నష్టమని ముక్కలుగా కోసి తీసుకుపోయారు. 2,345 చదరపు మీటర్ల పగడం నాశనమైంది. రెండేళ్లకు, 2015లో, సుమారు 8 కోట్ల 70 లక్షల పెసోలు నష్టపరిహారం కట్టారు. ఆ ఏడాదే, 2013 ఏప్రిల్‌లో, ఒక చైనా చేపల పడవ కూడా అక్కడ దిబ్బ ఎక్కింది. దాని కడుపులో 400 పెట్టెల అలుగు మాంసం దొరికింది. అలుగు మనకు తెలిసిన జంతువు. పొలుసుల కోసం, మాంసం కోసం మన అడవుల్లోనూ దాన్ని వేటాడి దొంగతనంగా అమ్మేవాళ్లు ఉన్నారు. ఏ అడవుల్లోనో పట్టుకున్న అలుగులు సముద్రం మధ్య పగడాల మీద పడ్డాయి. అడవిని దోచే చెయ్యీ, సముద్రాన్ని దోచే చెయ్యీ ఒకటేనని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. ఆ చెయ్యి తెరచాప పట్టుకున్నవాడిది కాదు.

మూడో జవాబు: దిబ్బను కాపాడితే చివరికి చేపలు పట్టేవాళ్లకే మేలు.

మూడింటిలో ఇది బలమైనది. అక్కడ పెట్టిన గుడ్లు, పుట్టిన పిల్లలు ప్రవాహంతో పాటు సులు సముద్రమంతా చెదిరి, వేరే తీరాల్లో పెరిగి వలలకు చిక్కుతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. విత్తనం దాచుకున్న గాదె లాంటిది ఆ దిబ్బ. ఆకలి వేసినా విత్తనపు గింజ తినకూడదని మన ఇళ్లలోనూ పెద్దలు చెబుతారు కదా. ఒప్పుకుంటాం. అయితే విత్తనం ఎవరిదైతే వాళ్లే కదా దాన్ని దాచాలని నిర్ణయించాలి. పక్కింటివాడు వచ్చి మన గాదెకు తాళం వేసి, ఇది నీ మేలు కోసమే అంటే, అతను చెప్పేది నిజమే అయినా అది న్యాయం అనిపించుకోదు.

కాబట్టి మేము చేరిన చోటు ఇది. కాపాడాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. అడిగారా లేదా, వాటా ఇచ్చారా లేదా, కాపలాలో వాళ్లకు చోటుందా లేదా అన్నవే అసలు ప్రశ్నలు. తుబ్బతాహ కథలో వీటికి కొంతవరకు మంచి జవాబులే దొరుకుతాయి. కగయాన్సిల్లో వాళ్లతో మాట్లాడారు. డైవర్లు కట్టే రుసుములో ఒక వాటా ఆ దీవులకు పోతుంది. కాపలాలో వాళ్ల మనుషులు ఉన్నారు. వాళ్లు సముద్రపు నాచు పెంచి అమ్ముకుంటున్నారు. గుసోంగ్‌కు పోయిన తరం పోగొట్టుకున్నది అంతా దీంతో తిరిగి వచ్చిందని చెప్పలేం. తెరచాప విద్య, నక్షత్రాలను చూసి దారి తెలుసుకునే విద్య రుసుములో వాటాగా తిరిగి రావు. కానీ వాళ్లను మనుషులుగా లెక్కలో పెట్టుకున్నారు.

లెక్కలో పెట్టుకోకపోతే ఏమవుతుందో ఇంకో దీవుల కథ చెబుతుంది. హిందూ మహాసముద్రం మధ్యలో, మాల్దీవులకు దక్షిణాన, చాగోస్ దీవులు ఉన్నాయి. డియెగో గార్సియాలో అమెరికాకు సైనిక స్థావరం కావాలని, 1968 నుంచి 1973 మధ్య బ్రిటన్ ఆ దీవుల జనమంతటినీ ఖాళీ చేయించి మారిషస్‌లో, సీషెల్స్‌లో వదిలేసింది. 2010లో ఆ దీవుల చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సుమారు 6 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. పగడాలు అద్భుతంగా ఉన్నాయని ప్రపంచం మెచ్చుకుంది. ఆ ప్రకటనతో వెళ్లగొట్టిన జనం తిరిగి రావడం కష్టమవుతుందని ఒక బ్రిటిష్ అధికారి అమెరికా వాళ్లతో అన్నట్టు తర్వాత బయటపడిన ఒక దౌత్య పత్రంలో ఉంది. 2015లో ఒక అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ప్రకటన చేసిన తీరు చట్టవిరుద్ధమని తేల్చింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ దీవుల మీద బ్రిటన్ పాలన వీలైనంత త్వరగా ముగియాలని అభిప్రాయం చెప్పింది. అక్కడి పగడాలు నిజంగానే అందంగా ఉన్నాయి. కానీ మనుషులను తీసేసి మిగిల్చిన అందం అది. దాన్ని చూసి స్వచ్ఛమైనది అనేవాడు ముందు ఆ ఊళ్ల సమాధుల దగ్గర ఆగాలి.

మూడో దారి కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలో పలావ్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ పాతకాలం నుంచి బుల్ అనే ఆచారం ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఫలానా దిబ్బ దగ్గర ఎవరూ వేటాడకూడదని పెద్దలు కట్టడి చేస్తారు. ఆ కట్టడినే దేశమంతటికీ పెద్దది చేసి, తమ సముద్రంలో 80 శాతాన్ని 2020 జనవరి 1 నుంచి వేటకు మూసేశారు. 2017 చివరి నుంచి ఆ దేశానికి వచ్చే ప్రతి అతిథి పాస్‌పోర్టులో ఒక ప్రమాణం ముద్ర వేస్తారు. నీ దీవిని పాడుచేయనని ఆ దేశపు పిల్లలకు మాట ఇస్తున్నట్టుగా ఉండే ఆ ప్రమాణం మీద సంతకం పెడితేనే లోపలికి రానిస్తారు. అక్కడ మాట ఇచ్చేది అతిథి, తీసుకునేది ఇంటివాళ్లు.

బుల్ గురించి చదివినప్పుడు మాకు మన కొత్తల పండుగలు గుర్తొచ్చాయి. కొత్త చేసే దాకా చెట్టున మామిడికాయ ఎంత ఊరిస్తున్నా ముట్టుకోం. ఇదేదో మూఢనమ్మకమని బడిలో నవ్వే వాళ్లున్నారు. కాయ ముదిరి, టెంక గట్టిపడి, విత్తనం అయ్యేదాకా చెట్టును వదిలేసే కట్టడి అది. పోలీసు లేడు, జరిమానా రసీదు లేదు, అయినా ఊరంతా ఆగుతుంది. ఎందుకంటే ఆ కట్టడి పెట్టిందీ మనమే, ముగిసిన రోజున కలిసి తినేదీ మనమే. పైనుంచి వచ్చిన నిషేధానికీ, లోపలి నుంచి పుట్టిన కట్టడికీ ఉన్న తేడా ఇదే. మొదటిదాన్ని కన్ను తప్పించి దాటాలనిపిస్తుంది. రెండోదాన్ని దాటితే సిగ్గు వేస్తుంది.

అయితే ఇంతకూ ఆ డైవరు పోవచ్చా, పోకూడదా? ఇక్కడ మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. చూడటానికి డబ్బున్న ప్రతివాడూ ప్రతి చోటుకూ పోవాలా, కొన్ని చోట్లు ఎవరి చూపూ పడకుండా ఉండాలి కదా అని కొందరు అన్నారు. మన కొండల్లోనూ దేవత ఉన్న కోనలోకి ఊరివాళ్లే అడుగుపెట్టరు, ఆ మర్యాద వేరే చోట్లకు ఎందుకు ఉండకూడదు అని వాళ్ల వాదన. ఎవరూ పోకపోతే రుసుము ఉండదు, రేంజర్లు ఉండరు, మళ్లీ డైనమైట్ వస్తుంది, ఖాళీ చోటును కాపాడటానికి ఏ ప్రభుత్వమూ ఎక్కువ కాలం డబ్బు పెట్టదు అని మరికొందరు అన్నారు. రెండు మాటల్లోనూ బలం ఉంది. చాలాసేపు వాదించుకున్నాక అందరం ఒప్పుకున్నది ఇది. పోవచ్చు, కానీ హక్కుగా కాదు, సెలవు తీసుకుని పోవాలి. డబ్బు కట్టడం సెలవులో ఒక చిన్న భాగమే.

సెలవు తీసుకోవడం అంటే ఏమిటి? మన ఊళ్లకు కొత్తవాడు వస్తే తిన్నగా ఇంట్లోకి చొరబడడు. ఊరి చివర ఆగుతాడు, ఎవరినైనా పిలుస్తాడు, ఎందుకొచ్చాడో చెబుతాడు, పిలిస్తే వస్తాడు, లేదంటే తిరిగిపోతాడు. పగడాల దగ్గరికి పోయేవాడి ఏర్పాటులో కూడా ఇదే ఉండాలి. ఆ చోటును అక్కడివాళ్లు ఏమని పిలిచేవారో తెలుసుకోవాలి. నీటిలో నిలకడగా తేలడం వేరే చోట బాగా నేర్చుకున్నాకే అక్కడికి పోవాలి, ఎందుకంటే మన నేర్చుకోవడానికి వందేళ్ల పగడం మూల్యం కాకూడదు. అక్కడివాళ్లకు పని ఇచ్చే పడవనే ఎంచుకోవాలి. పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ పూసుకోకూడదు, పలావ్ 2020లోనే అలాంటివాటిని నిషేధించింది. పక్షుల తిప్ప మీద దిగవద్దంటే ఎందుకని వాదించకూడదు. ఏటా పోయేదానికంటే ఒక్కసారి పోయి ఎక్కువ రోజులు ఉండటం మేలు. తిరిగి వచ్చాక చేపల ఫొటోలతో పాటు, వెళ్లడం మానేసిన మనుషుల సంగతి కూడా నలుగురికీ చెప్పాలి. ఇవన్నీ చేయలేనని అనిపిస్తే పోకుండా ఉండటం కూడా ఆ దిబ్బకు చేసే మేలే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన పిల్లల్లో చాలామందికి సులు సముద్రానికి పోయే అవకాశం రాకపోవచ్చు. కానీ సులు సముద్రానికి పోయేవాళ్ల లాంటి మనుషులు మన దగ్గరికి రోజూ వస్తున్నారు. అరకుకు, బొర్రా గుహలకు, లంబసింగి చలికి, మారేడుమిల్లి జలపాతాలకు, నల్లమల సఫారీకి. వాళ్లను తిట్టడం కోసం ఇది రాయలేదు. మన యువకులు కొందరు వాళ్లకు దారి చూపి, వంట చేసి, గది ఇచ్చి బతుకుతున్నారు. అది గౌరవమైన పనే. అయితే గైడుగా ఉండటం వేరు, ఇంటివాడిగా ఉండి దారి చూపడం వేరు. గైడు అతిథి అడిగినదల్లా చూపిస్తాడు. ఇంటివాడు ఇది చూపిస్తాను, అది చూపించను అని చెప్పగలడు. థింసా ఎప్పుడు ఆడాలో, ఎవరి ముందు ఆడాలో, ఎప్పుడు ఆడకూడదో నిర్ణయించేది ఇంటివాడే.

ఆ నిర్ణయానికి చట్టంలోనూ చోటు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, వన్యప్రాణుల కోసం కీలకమైన ఆవాసంగా ఒక ప్రాంతాన్ని ప్రకటించి అక్కడివాళ్ల హక్కులు మార్చాలంటే, ముందు వాళ్ల హక్కులను గుర్తించే పని పూర్తి కావాలి. మనుషులు ఉండటం వల్ల తిరిగి పూడ్చలేని నష్టం జరుగుతుందని, వేరే దారి లేదని తేలాలి. గ్రామసభ అన్నీ తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అలా ఖాళీ చేయించిన చోటును తర్వాత మరో పనికి వాడకూడదని కూడా అందులో ఉంది. ఈ నాలుగు మాటలు మన ప్రతి పిల్లవాడికీ ఎక్కాల్లా నోటికి రావాలి. తుబ్బతాహలో మనం వెతికిన ప్రశ్నలు, అంటే అడిగారా, వాటా ఇచ్చారా, కాపలాలో చోటిచ్చారా అన్నవి, ఇక్కడ అడగడానికి మనకు చట్టమే చెయ్యందిస్తోంది.

అదే సమయంలో మనవైపు కర్తవ్యం కూడా ఉంది. వాగులో మందు కలిపి చేపలు పట్టేవాడు మన ఊరివాడే అయితే, అలుగును బేరం పెట్టేవాడు మన చుట్టమే అయితే, మనం ఏం చేస్తాం? సొంత కట్టడిని మనమే వదిలేస్తే, బయటి నిషేధం రావడానికి దారి మనమే వేసినట్టు. ఇంటివాళ్లం అని చెప్పుకునే బలం ఇంటిని చూసుకునే పనిలోంచే వస్తుంది. బుల్ ఆచారం బతికి ఉండబట్టే పలావ్ ప్రపంచంతో ప్రమాణం చేయించుకోగలిగింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రవాళ భిత్తికల పాఠం వచ్చినప్పుడు పగడం ఎలా పెరుగుతుందో చెప్పండి, అది పిల్లలకు తెలియాలి. దాంతో పాటు గుసోంగ్ పేరు కూడా బోర్డు మీద రాయండి. తర్వాత పిల్లలను అడగండి: మీ ఊరి దగ్గర ఇప్పుడు బయటివాళ్లు చూడటానికి వచ్చే చోటు ఏది? దాన్ని మీ అమ్మమ్మ ఏమని పిలుస్తుంది? ఆమె అక్కడికి ఎందుకు పోయేది, ఎప్పుడు మానేసింది, ఎవరు మాన్పించారు, అడిగి మాన్పించారా? పిల్లలు ఇంటికి పోయి అడిగి, తెలుసుకున్నది రాసుకు రావాలి. ఆ కాగితాలు పారేయకండి. ఎప్పుడైనా గ్రామసభలో హద్దుల మాట వస్తే అవి పనికొస్తాయి.